విమానం రిపేరు పుస్తకంలో ఒక వాక్యం అర్థం కాకపోతే మెకానిక్ ఏం చేయాలి?

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుంచి విమానం ఎక్కాలంటే ముందు గన్నవరం చేరాలి. తెల్లవారుజామున లేచి, రైలో కారో పట్టుకుని, లగేజీ అప్పగించి, సెక్యూరిటీ దాటి గేటు దగ్గర కూర్చుంటారు. అప్పుడు ప్రకటన వినిపిస్తుంది: సాంకేతిక కారణాల వల్ల మీ విమానం ఆలస్యంగా బయలుదేరుతుంది. ఆ కారణమేంటో ఎవరూ చెప్పరు.

రేపల్లె రోడ్డు మీద బస్సు ఆగిపోతే డ్రైవరు దిగి చూడటం మీకు కనిపిస్తుంది. విమానాశ్రయంలో అలా కాదు. అద్దాల అవతల ఏం జరుగుతోందో తెలియదు. నిజానికి అక్కడ స్పానర్ కంటే ముందు ఒక పుస్తకం తెరుచుకుంటుంది. ఇప్పుడది ఎక్కువగా ట్యాబ్‌లోనో కంప్యూటర్‌లోనో ఉంటోంది. ఆ పుస్తకం చెప్పినట్టే పని చేయాలి. చెప్పింది రెండు రకాలుగా అర్థమైతే?

విమాన భద్రతలో ఈ ప్రశ్న చాలా పాతది. దీనికి జవాబు దొరకని చోట వందల ప్రాణాలు పోయాయి. ఆ జవాబేంటో, మన దేశంలో నిబంధన ఏం చెబుతోందో, ప్రయాణికులుగా మీకు దానితో పనేంటో చూద్దాం.

పుస్తకం ఎందుకంత ముఖ్యం?

బైక్ మెకానిక్‌కు చెయిన్ ఎంత బిగించాలో చేతికే తెలిసిపోతుంది. 'ఇంకొంచెం బిగించు' అంటే చాలు. విమానం దగ్గర ఆ మాట చెల్లదు. ఏ బోల్టు వాడాలి, ఎంత బలంతో బిగించాలి, ఏ వరుసలో విప్పాలి, పని అయ్యాక ఏ పరీక్ష చేయాలి అన్నవన్నీ తయారీ సంస్థ ఇచ్చిన నిర్వహణ మాన్యువల్‌లో ఉంటాయి. అందులోంచి ఆ రోజు చేయాల్సిన పనిని వర్క్ కార్డుగా తీసి సిబ్బందికి ఇస్తారు. ఒక్కో అంచె పూర్తయ్యాక సంతకం పెట్టాలి. చివరికి లైసెన్సున్న నిర్వహణ ఇంజినీరు, అంటే ఏఎంఈ, ధ్రువీకరించాకే విమానం మళ్లీ ఎగరాలి.

ఆ కాగితానికీ చేసిన పనికీ తేడా వస్తే ఏమవుతుందో జపాన్ చూసింది. 1978 జూన్‌లో ఒసాకాలో దిగేటప్పుడు ఒక బోయింగ్ 747 తోక భాగం రన్‌వేకు రాసుకుంది. దెబ్బతిన్న వెనుక గోడకు బోయింగ్ నిపుణులే మరమ్మతు చేశారు. రెండు భాగాలను కలిపేందుకు ఒకే పలక వేయాలని సూచన. దాన్ని రెండు ముక్కలుగా కోసి అమర్చారు. దాంతో ఆ అతుకు మీద భారమంతా ఒక్క వరుస రివెట్ల మీదే పడింది. తనిఖీలో ఎవరికీ పట్టుబడలేదు. విమానం ఏడేళ్లు ఎగిరింది. 1985 ఆగస్టు 12న ఆ గోడ గాల్లోనే పగిలింది. 520 మంది చనిపోయారు. ఒకే విమానం ప్రమాదంలో ఇంతమంది చనిపోయిన ఘటన ఇప్పటికీ ఇదే.

అక్కడ సూచన సరిగానే ఉంది, పని తప్పింది. కానీ సూచనలోనే తికమక ఉన్న సందర్భాలు కూడా ఉన్నాయి.

'గడువు తీరింది' అంటే 'ఖాళీ అయింది' అనా?

మీ ఇంట్లో గ్యాస్ సిలిండర్ మీద ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం, పక్కన రెండు అంకెలు ఉంటాయి. మళ్లీ పరీక్ష చేయించాల్సిన త్రైమాసికం, సంవత్సరం అవి. ఆ గడువు దాటినంత మాత్రాన సిలిండర్‌లో గ్యాస్ అయిపోయినట్టు కాదు కదా. గడువు దాటినా నిండుగా ఉండొచ్చు. అప్పుడే ఇంకా ప్రమాదం.

సరిగ్గా ఈ తేడా దగ్గరే 1996లో అమెరికాలో పొరపాటు జరిగింది. వాల్యూజెట్ అనే విమానయాన సంస్థ తన ఎండీ-80 రకం విమానాల పనిని మయామిలోని సాబర్‌టెక్ అనే కాంట్రాక్టు సంస్థకు ఇచ్చింది. ప్రయాణికుల సీట్ల పైన ఉండే ఆక్సిజన్ జనరేటర్లను మార్చడం అందులో ఒక పని. ఇవి రసాయన చర్యతో ఆక్సిజన్ పుట్టించే చిన్న డబ్బాలు. ఒకసారి మండటం మొదలైతే విపరీతంగా వేడెక్కుతాయి. వాటి వాడకం గడువు దాటిపోవడంతో తీసేస్తున్నారు.

వర్క్ కార్డులో ఒక సూచన ఉంది. జనరేటర్ ఇంకా వాడి ఉండకపోతే, దాన్ని మండించే పిన్ను మీద రక్షణ మూత పెట్టాలి. 'వాడేసినది', 'గడువు తీరినది' అనే రెండు ఇంగ్లిష్ మాటలు రాతలోనూ, పలకడంలోనూ దగ్గరగా ఉంటాయి. హ్యాంగర్‌లో రాసిన ట్యాగుల మీద 'గడువు తీరింది' అన్న అర్థంలో కారణం నమోదైంది. రక్షణ మూతలు అక్కడ అందుబాటులో లేవు. అయినా పని పూర్తయినట్టు సంతకాలు పడ్డాయి. చివరికి పెట్టెలు పంపించే చీటీ మీద 'ఆక్సిజన్ డబ్బాలు - ఖాళీ' అని రాశారు.

ఆ పెట్టెలు మే 11న వాల్యూజెట్ 592 విమానం సరకు అరలోకి చేరాయి. అందులో చాలా డబ్బాలు ఖాళీవి కావు. టేకాఫ్ తర్వాత కొన్ని నిమిషాలకే మంటలు రేగాయి. మయామి దగ్గర చిత్తడి నేలల్లో విమానం కూలింది. 110 మంది చనిపోయారు.

దర్యాప్తులో చాలా తప్పులు బయటపడ్డాయి. కాంట్రాక్టు సంస్థ పద్ధతుల్లోనూ, విమానయాన సంస్థ పర్యవేక్షణలోనూ, నియంత్రణ సంస్థ నిర్లక్ష్యంలోనూ. కానీ ఆ గొలుసులో ఒక లంకె ఇదే: దగ్గరగా వినిపించే రెండు మాటలు, 'మూతలు లేవు, ఏం చేయాలి' అని పని ఆపి అడగని ఒక హ్యాంగర్.

ఎక్కడి నుంచి ఎక్కడి వరకు చదవాలి?

సూచనలోని మాటలు స్పష్టంగానే ఉన్నా, ఎంతవరకు వర్తిస్తాయో తెలియకపోతే అది ఇంకో రకం తికమక.

2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్ విమానాశ్రయంలో ఎయిర్ మిడ్‌వెస్ట్ సంస్థకు చెందిన చిన్న విమానం టేకాఫ్ అయిన కాసేపటికే కూలింది. 21 మంది ప్రాణాలు పోయాయి. అంతకు రెండు రోజుల ముందు రాత్రి ఆ విమానం తోకలోని ఎలివేటర్ కేబుళ్ల బిగువు సరిచేశారు. విమానం ముక్కు పైకి లేవడం, కిందికి దిగడం ఎలివేటర్ చేతిలో ఉంటుంది.

కేబుల్ బిగువు మాత్రమే సరిచేయడానికి మాన్యువల్‌లో విడిగా పద్ధతి లేదు. ఎలివేటర్ వ్యవస్థ మొత్తాన్ని అమర్చే పెద్ద పద్ధతిలో అదొక భాగం. 'మనం చేసేది కేబుల్ పనే కదా, ఈ అంచెలన్నీ అవసరం లేదు' అనుకుని కొన్నింటిని వదిలేశారు. తనిఖీ చేయాల్సిన ఇన్‌స్పెక్టరు కూడా దానికి ఒప్పుకున్నారు. వదిలేసిన వాటిలో ఒకటి చేసి ఉన్నా, ఎలివేటర్ కిందివైపు పూర్తిగా కదలడం లేదన్న సంగతి బయటపడేది. పైగా విమానం వెనుక భాగం బరువు పరిమితికి మించి ఉంది. లేచిన ముక్కును పైలట్లు కిందికి దించలేకపోయారు.

ఆ మెకానిక్ పని ఎగ్గొట్టాలని చూడలేదు. పుస్తకం రాసినవాళ్ల ఉద్దేశం ఇదై ఉంటుందని ఊహించారు. ఊహ మొదలైన చోటే ప్రమాదం మొదలైంది.

సలహానా? ఆదేశమా?

మూడో రకం తికమక మన దేశానికి బాగా దగ్గరిది. ఒక సూచన వస్తుంది. అది చేసి తీరాల్సిందా, చేస్తే మంచిదా?

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిరిండియా 171 విమానం గుర్తుంది కదా. విమానంలో ఉన్న 241 మంది, కింద ఉన్న 19 మంది, మొత్తం 260 మంది చనిపోయారు. నెల తర్వాత ప్రమాద దర్యాప్తు విభాగం ఏఏఐబీ ప్రాథమిక నివేదిక ఇచ్చింది. టేకాఫ్ అయిన వెంటనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు సెకను తేడాతో 'కటాఫ్'కు మారాయని అందులో ఉంది. ఎలా మారాయన్నది ఆ నివేదిక తేల్చలేదు.

అదే నివేదికలో మరో విషయం ఉంది. ఆ స్విచ్‌లు పొరపాటున కదలకుండా ఉండేందుకు ఒక లాకింగ్ ఏర్పాటు ఉంటుంది. కొన్ని బోయింగ్ 737లలో ఆ లాకింగ్ పనిచేయని స్థితిలో స్విచ్‌లు అమర్చారని గమనించిన అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2018 డిసెంబరులో ఒక బులెటిన్ ఇచ్చింది. తనిఖీ చేసుకోమని సూచించింది. అలాంటి డిజైన్ స్విచ్‌లున్న ఇతర మోడళ్లనూ, 787తో సహా, ప్రస్తావించింది. అయితే తప్పనిసరి ఆదేశం ఇవ్వాల్సినంత ప్రమాదకర స్థితి కాదని చెప్పింది. అది సలహా మాత్రమే, తప్పనిసరి కాదు కాబట్టి ఆ తనిఖీలు చేయలేదని ఎయిరిండియా దర్యాప్తు బృందానికి తెలిపింది.

ఇక్కడ తొందరపడి ముడిపెట్టకండి. ఈ బులెటిన్‌కూ ప్రమాదానికీ సంబంధం ఉందని ఆ నివేదిక చెప్పలేదు. నిబంధన ప్రకారం సలహాను పాటించకపోవడం తప్పు కూడా కాదు. కానీ ప్రమాదం తర్వాత ఏం జరిగిందో చూడండి. 2025 జులై 14న మన డీజీసీఏ ఆ తనిఖీలు చేయాలని విమానయాన సంస్థలను ఆదేశించింది. జులై 21 వరకు గడువు ఇచ్చింది. తన బోయింగ్ విమానాల్లో తనిఖీ పూర్తయిందని, లాకింగ్‌లో ఏ లోపమూ కనిపించలేదని ఎయిరిండియా ప్రకటించింది. ఆరున్నరేళ్లు సలహాగా ఉన్న పని, ఆదేశమయ్యాక వారంలో అయిపోయింది.

అదే ఏడాది నవంబరు 28న దీనికి పూర్తిగా భిన్నమైన సూచన వచ్చింది. తీవ్రమైన సౌర వికిరణం వల్ల ఎయిర్‌బస్ ఏ320 కుటుంబ విమానాల్లోని ఒక కంప్యూటర్‌లో డేటా చెడిపోయే వీలుందని తేలింది. ఐరోపా నియంత్రణ సంస్థ అత్యవసర ఆదేశం ఇచ్చింది. ఏ కంప్యూటర్, దాని బదులు ఏం పెట్టాలి, ఎప్పటిలోగా అన్నవి అందులో స్పష్టంగా ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 6,000 విమానాలకు, మన దేశంలో 300కు పైగా విమానాలకు ఆ పని పడింది. ఆ వారాంతంలో విమానాలు ఆలస్యమయ్యాయి, ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. కానీ 'ఇది మాకు వర్తిస్తుందా' అన్న చర్చకు చోటు లేకుండా పోయింది.

వెతికిన పేజీ, దొరకని సమయం

తెలుగువాళ్లకు మరిచిపోలేని ఒక ప్రమాదంలోనూ పుస్తకం ప్రస్తావన ఉంది. అది రిపేరు పుస్తకం కాదు, పైలట్లు గాల్లో చూసే ఎమర్జెన్సీ చెక్‌లిస్టు. విషయం మాత్రం దగ్గరిదే.

2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరి నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలింది. ముఖ్యమంత్రితో సహా అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు. ఆర్.కె. త్యాగి నేతృత్వంలోని కమిటీ దర్యాప్తు చేసింది. దట్టమైన మేఘాల్లో బలంగా కిందికి లాగే గాలి ప్రవాహంలో చిక్కుకుని హెలికాప్టర్ అదుపు తప్పి ఉంటుందని తేల్చింది.

కాక్‌పిట్ సంభాషణల రికార్డింగ్ మరో సంగతి బయటపెట్టింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌లో ఏదో తేడా కనిపించడంతో సిబ్బంది దానికి సంబంధించిన వివరాల కోసం చెక్‌లిస్టులో ఆరు నిమిషాలకు పైగా వెతుకుతూ ఉండిపోయారు. ఆ ప్రయాణానికి చివరికి అదేమంత అవసరమైన విషయం కాదని కమిటీ భావించింది. వాతావరణం మీద పెట్టాల్సిన దృష్టి ఆ నిమిషాల్లో పుస్తకం మీదికి మళ్లింది.

ఒక పేజీ దొరకకపోవడమే ఆ ప్రమాదానికి కారణమని అనలేం. కానీ అవసరమైనప్పుడు వెంటనే దొరకని, చూడగానే అర్థం కాని సూచన తీసుకునేది సమయం ఒక్కటే కాదని అది గుర్తుచేస్తుంది. మనిషి దృష్టిని కూడా తీసుకుపోతుంది. రాత్రి షిఫ్టులో, తెల్లారేసరికి విమానాన్ని అప్పగించాల్సిన ఇంజినీరుకూ అంతే.

అర్థం కాకపోతే నిబంధన ఏం చెబుతోంది?

మన దేశంలో విమాన మరమ్మతు సంస్థలకు డీజీసీఏ పెట్టిన నిబంధనల సంపుటి ఒకటి ఉంది. పేరు కార్-145. ఐరోపా నిబంధనల నమూనాలోనే ఇది ఉంటుంది. నిర్వహణ సమాచారం గురించి చెప్పే భాగంలో ఈ ప్రశ్నకు నేరుగా జవాబు ఉంది.

మాన్యువల్‌లోని ఏ పద్ధతైనా, సమాచారమైనా, సూచనైనా తప్పుగా ఉన్నా, అసంపూర్తిగా ఉన్నా, రెండు అర్థాలు వచ్చేలా ఉన్నా మూడు పనులు జరగాలి.

ఒకటి, దాన్ని గమనించిన సిబ్బంది నమోదు చేయాలి.

రెండు, ఆ సమాచారం రాసిన వాళ్లకు, అంటే చాలాసార్లు తయారీ సంస్థకు, తెలియజేయాలి.

మూడు, ఇదంతా జరిగేలా మరమ్మతు సంస్థ ఒక పద్ధతి పెట్టుకోవాలి. 'మా మెకానిక్‌కు తట్టలేదు' అంటే కుదరదు.

సూచనను సొంతంగా మార్చుకోవడం కూడా ఇష్టానుసారం కాదు. మార్చాల్సి వస్తే దానికీ ఆమోదించిన పద్ధతి ఉంటుంది. అంటే హ్యాంగర్‌లో ఉన్న మనిషికి నిబంధన ఇచ్చే మాట ఇది: అర్థం కాకపోతే ఊహించొద్దు. ఆపు, రాయి, అడుగు.

ఈ మాట కాగితం మీద చాలా తేలిక. నిజంగా ఆపినప్పుడు ఖర్చవుతుంది. తయారీ సంస్థ కార్యాలయం ఇంకో ఖండంలో ఉండొచ్చు. జవాబు వచ్చేదాకా విమానం కదలదు. గేటు దగ్గర 180 మంది కూర్చుని ఉంటారు. ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. 'పోయినసారి ఎలా చేశారో అలాగే చేసెయ్' అనే సలహా పక్కనే సిద్ధంగా ఉంటుంది. ఆ ఒత్తిడిలో కూడా ఆపగలిగే ధైర్యం ఇంజినీరుకు ఉండాలంటే, ఆపినందుకు ఆయన్ను ఎవరూ తప్పుపట్టరన్న నమ్మకం సంస్థ ఇవ్వాలి.

ఇరవై పదాలు దాటొద్దు

సూచన రాసేవాళ్ల వైపు నుంచి కూడా ఈ సమస్యకు ఒక పరిష్కారం వచ్చింది. ప్రపంచంలో విమాన మాన్యువల్స్ దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. చదివేవాళ్లలో చాలామందికి అది మాతృభాష కాదు. 1970ల చివర్లో ఐరోపా విమానయాన సంస్థలు ఈ ఇబ్బందిని తయారీదారుల ముందు పెట్టాయి. దాంతో నియంత్రిత ఇంగ్లిష్ ఒకటి తయారైంది. మొదటి గైడ్ 1986లో వచ్చింది. ఇప్పుడు దాన్ని సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అంటున్నారు.

దాని సూత్రాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సాంకేతిక పేర్లు పక్కన పెడితే, వాడుకోవడానికి అనుమతించిన మామూలు మాటలు దాదాపు 900. వీలైనంతవరకు ఒక మాటకు ఒకే అర్థం. పని చెప్పే వాక్యంలో 20 పదాలు దాటకూడదు. ఒక వాక్యంలో ఒకే పని చెప్పాలి. 'ఆయిల్' అన్న మాటను నూనె అనే పేరుగానే వాడాలి, నూనె రాయడం అనే క్రియగా వాడకూడదు.

ఇదెందుకో తెలుగులో ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. 'పంపు, వాల్వు తనిఖీ చేసి పాడైతే మార్చాలి' అని రాశారనుకోండి. రెండూ పాడైతేనే మార్చాలా? ఒకటి పాడైతే అదొక్కటే మార్చాలా, రెండూ మార్చాలా? 'పాడైతే' అంటే పగలడమా, గీత పడినా పాడైనట్టేనా? ఇదే సూచనను ఇలా రాయొచ్చు: 'పంపును తనిఖీ చేయండి. పగులు కనిపిస్తే పంపు మార్చండి. వాల్వును తనిఖీ చేయండి. పగులు కనిపిస్తే వాల్వు మార్చండి.' చదవడానికి విసుగ్గానే ఉంటుంది. కానీ తప్పు చేయడానికి సందు ఉండదు.

మన ఊళ్లకు దీనితో ఏం పని?

ఒక కారణం, విమానాలు ఇక్కడికి దూరమైన విషయం కాదు. బాపట్ల పక్కనే సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది. అద్దంకి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవున అత్యవసర రన్‌వే కట్టారు. 2024 మార్చి 18న అక్కడ ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి మళ్లీ ఎగిరాయి. సుఖోయ్, హాక్ విమానాలు నేలను తాకేంత దగ్గరగా వచ్చి పైకి లేచాయి.

రెండోది ఉద్యోగాలు. హైదరాబాద్ శంషాబాద్‌లో జీఎంఆర్ సంస్థకు విమానాల మరమ్మతు కేంద్రం ఉంది. 2025 నవంబరు 26న అక్కడే సాఫ్రాన్ సంస్థ లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రాన్ని ప్రధాని మోదీ వర్చువల్‌గా ప్రారంభించారు. ఏ320నియో, 737 మ్యాక్స్ విమానాలకు వాడే ఇంజిన్లు ఇవి. 2035 నాటికి ఏడాదికి 300 ఇంజిన్లకు సర్వీసు చేయడం లక్ష్యం. వెయ్యి మందికి పైగా ఇంజినీర్లు, టెక్నీషియన్లకు అక్కడ పని దొరుకుతుందని చెప్పారు. కేంద్ర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు మన రాష్ట్రం నుంచే ఉన్నారు. విదేశాలకు పంపే ఇంజిన్ పనులను ఇక్కడికే తేవాలన్నది ప్రభుత్వ విధానం.

అంటే ఇంటర్‌లో ఎంపీసీ చదివి ఏఎంఈ కోర్సు వైపు చూస్తున్న పిల్లలు మీ వీధిలోనూ ఉండొచ్చు. ఈ లైసెన్సుకు డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలోనే శిక్షణ ఉండాలి. ఇంజిన్, బాడీ వంటి మెకానికల్ పనికి బీ1, ఎలక్ట్రానిక్ వ్యవస్థల పనికి బీ2 లైసెన్సు. కాలేజీలో చేర్చే ముందు ఫీజు, ప్లేస్‌మెంట్లతో పాటు గుర్తింపు ఇప్పుడూ చెల్లుబాటులో ఉందా అని డీజీసీఏ జాబితాలో చూసుకోండి.

ఇంకొక మాట. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఇంగ్లిష్ మాన్యువల్ చదవలేరేమోనన్న భయం తల్లిదండ్రుల్లో ఉంటుంది. 900 మాటల ఇంగ్లిష్ నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు. 'సార్, ఈ లైను నాకు అర్థం కాలేదు' అని అందరి ముందు అనడం కష్టం. మన తరగతి గదుల్లో అలా అడిగిన పిల్లవాడిని నవ్వి కూర్చోబెట్టే అలవాటుంది. హ్యాంగర్‌లో ఆ అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది.

మన దగ్గర తనిఖీల్లో ఏం తేలింది?

అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత 2025 జూన్‌లో డీజీసీఏ ఢిల్లీ, ముంబయి లాంటి పెద్ద విమానాశ్రయాల్లో ప్రత్యేక తనిఖీలు చేసింది. ఏ సంస్థ పేరూ చెప్పకుండా ఫలితాలు ప్రకటించింది. సరిచేశామన్న లోపాలే ఒకే విమానంలో మళ్లీ మళ్లీ కనిపించాయి. నిర్వహణ సమయంలో వర్క్ ఆర్డరు పాటించని సందర్భాలు, మాన్యువల్ చెప్పిన జాగ్రత్తలు తీసుకోని సందర్భాలు దొరికాయి. విమాన వ్యవస్థలు చూపించిన లోపాలను టెక్నికల్ లాగ్‌బుక్‌లో నమోదు చేయలేదు.

ఒకే లోపం మళ్లీ మళ్లీ రావడాన్ని గమనించండి. దానికి విడిభాగం పాతదవడం కారణం కావొచ్చు, సిబ్బంది తక్కువ కావడం కారణం కావొచ్చు. సూచన పాటించినా సమస్య తీరడం లేదంటే సూచనలోనే లోపం ఉండొచ్చు. అది తేలాలంటే ఎవరో ఒకరు రాసి పైకి పంపాలి. నమోదు చేయని లోపం గురించి ఎవరూ ప్రశ్న వేయలేరు.

ఇవన్నీ చూడాల్సిన డీజీసీఏలోనే మనుషులు లేరు. మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో తప్పుపట్టింది. నిబంధన ఎంత బాగున్నా, అది అమలవుతోందా అని చూసేవాళ్లు కావాలి కదా.

లోపం ఉన్నా విమానం ఎగరొచ్చా?

కొన్ని లోపాలతో ఎగరొచ్చు. దీనికి మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్ అనే ఆమోదిత జాబితా ఉంటుంది. ఏ పరికరం పనిచేయకపోయినా ఏ షరతులతో ఎగరొచ్చో, ఎన్నాళ్లలో బాగుచేయాలో అందులో రాసి ఉంటుంది. రకాన్ని బట్టి కొన్నింటికి 3 రోజులు, కొన్నింటికి 10 రోజులు, కొన్నింటికి 120 రోజుల గడువు. కాబట్టి మీ సీటు పక్కన లైటు వెలగకపోతే భయపడక్కర్లేదు. జాబితాలో లేని, ఎగరడానికి అవసరమైన పరికరం చెడితే మాత్రం బాగుచేసేదాకా విమానం కదలకూడదు.

మీరేం చేయొచ్చు?

విమానం సాంకేతిక కారణంతో ఆగితే కారణం అడగండి. చెప్పమని మర్యాదగా అడగడం మీ హక్కు. 'ఎప్పుడు వెళ్తాం' అని కౌంటర్ మీద అరవడం వల్ల అవతల పనిచేస్తున్న ఇంజినీరు మీదికే ఒత్తిడి చేరుతుంది. మీకు రావాల్సిన వాటి గురించి గట్టిగా అడగండి. డీజీసీఏ నిబంధనల ప్రకారం ప్రయాణ సమయాన్ని బట్టి రెండు గంటలు, ఆ పైన ఆలస్యానికి ఆహారం ఇవ్వాలి. ఆలస్యం ఆరు గంటలు దాటుతుంటే మరో విమానం గానీ పూర్తి డబ్బు వాపసు గానీ ఎంచుకునే వీలుంటుంది. ఇవ్వకపోతే ఎయిర్‌సేవ పోర్టల్‌లో, యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. బోర్డింగ్ పాస్, వచ్చిన మెసేజ్‌లు దాచుకోండి.

విమానంలో మీకేదైనా తేడాగా కనిపిస్తే క్యాబిన్ సిబ్బందికి వెంటనే చెప్పండి. వీడియో తీసి తర్వాత సోషల్ మీడియాలో పెట్టడం రెండో పని.

మీ ఇంట్లో ఎవరైనా ఈ రంగంలో పనిచేస్తుంటే, స్వచ్ఛందంగా భద్రతా సమాచారం ఇచ్చే ఏర్పాటు డీజీసీఏలో ఉందని, ఇచ్చినవాళ్ల పేరు గోప్యంగా ఉంచుతారని గుర్తుచేయండి. అర్థం కాని వర్క్ కార్డు గురించి రాసే నాలుగు లైన్ల నోట్ కూడా అందులోకి వస్తుంది. ఆ నోట్ తయారీ సంస్థకు చేరితే మాన్యువల్‌లో ఆ వాక్యం మారుతుంది. మారిన వాక్యాన్ని ఆ మోడల్ విమానాలున్న ప్రతి దేశంలోనూ చదువుతారు.